కోపెప్టిన్ 'వల్ల' చనిపోతారా?

సందేహం: మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ విషయం మీద ఏది కనిపించినా చదువుతున్నాను. ఒక వ్యాసంలో "రక్తంలో కోపెప్టిన్ పెరగడం వల్ల పక్షవాత రోగులు చనిపోయే అవకాశం ఎక్కువ" అని ఉంది. 'చనిపోయే అవకాశం' అనొచ్చా?

సమాధానం: మీరు 'అవకాశం' దగ్గర ఆగారు గానీ అసలు చిక్కు 'వల్ల' దగ్గరుంది. 'వాన పడే అవకాశం' అని అందరం అంటున్నాం, తప్పు పట్టక్కర్లేదు. చావు విషయంలో మాత్రం 'ముప్పు' అనే మంచి మాట ఉండగా 'అవకాశం' అనడం ఎబ్బెట్టుగా ఉంటుంది. 'బతికే అవకాశం', 'చనిపోయే ముప్పు' అని రాయండి, చాలు.

ఇక 'వల్ల'. ఆ వాక్యం చదివితే కోపెప్టిన్ ఏదో విషమనీ, ప్రాణం తీసేది అదేననీ అనిపిస్తుంది. అది నిజం కాదు. ఒంటికి పెద్ద కష్టం వచ్చినప్పుడు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, దాంతోపాటు అంతే లెక్కలో బయటికొచ్చే 39 అమైనో ఆమ్లాల ముక్కే కోపెప్టిన్. వాసోప్రెసిన్‌ని నేరుగా కొలవడం కష్టం, ఇదైతే రక్తంలో నిలకడగా ఉంటుంది కాబట్టి దీన్ని కొలుస్తారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రోక్‌తో (అంటే పక్షవాతంతో) ఆసుపత్రిలో చేరినప్పుడు ఇది ఎక్కువగా ఉన్నవారిలో మూడు నెలల్లోపు మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు ఎంత గట్టిగా దెబ్బతీసిందో కోపెప్టిన్ చెబుతోంది, అంతే.

బళ్లో వల్లించిన విభక్తులు గుర్తున్నాయా, 'వలనన్, కంటెన్, పట్టి – పంచమీ విభక్తి'? మూడూ ఒకే విభక్తి అయినా పనులు వేరు. 'వల్ల' కారణం చెబుతుంది, 'బట్టి' ఆనవాలు చెబుతుంది. నిప్పు వల్ల పొగ వస్తుంది, పొగను బట్టి నిప్పుందని తెలుసుకుంటాం. అలాగే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల స్ట్రోక్ వచ్చింది, కోపెప్టిన్‌ని బట్టి ముప్పు అంచనా వేశారు.

ఇది ఉత్త వ్యాకరణం గొడవ అనుకోకండి. 'వల్ల' అని చదివిన ఇంట్లోవాళ్లు "అయితే దాన్ని తగ్గించే మందివ్వండి" అని డాక్టర్ని అడుగుతారు, అడగరా మరి! కానీ ఆనవాలుని తగ్గించినంత మాత్రాన రోగి బాగుపడతాడని లేదు. షుగర్ సంగతే చూడండి. ఆసుపత్రిలో చేరినప్పుడు అది ఎక్కువగా ఉన్న స్ట్రోక్ రోగులు అంత బాగా కోలుకోరని చాలాకాలంగా తెలుసు. అమెరికాలో 1,151 మందితో చేసి 2019లో ఫలితాలు వెల్లడించిన షైన్ ట్రయల్‌లో, కొందరికి ఇన్సులిన్ డ్రిప్‌తో షుగర్‌ని 80–130 మధ్యకి దించి చూశారు. 180 లోపు ఉంచితే చాలనుకున్న వాళ్లకన్నా వీళ్లు 90 రోజులకి మెరుగ్గా ఏమీ లేరు. (షుగర్‌ని గాలికొదిలేయమని కాదు, రెండో జట్టులోనూ 180 దాటకూడదనే చూశారు.)

కాబట్టి ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: "స్ట్రోక్ వచ్చినవారి రక్తంలోని కోపెప్టిన్ స్థాయిని బట్టి, వారికున్న ముప్పును కొంతవరకు అంచనా వేయవచ్చు." 'కొంతవరకు' తీసేయకండి. వయసునీ స్ట్రోక్ తీవ్రతనీ బట్టి డాక్టర్లు ముందే వేసుకునే అంచనాకి ఇలాంటి రక్తపరీక్షలు సాధారణంగా అదనంగా చేర్చేది కొంచెమే. మీ నాన్నగారి రిపోర్టులో ఏదో ఒక అంకె ఎక్కువుందని మీరు టెన్షన్ పడుతుంటే, దాని గురించి ఆయన్ని చూస్తున్న డాక్టర్నే అడగండి.