నేషనల్ రిజిస్టర్‌లో ఉన్న వీధిలోనూ ఇల్లు కూల్చవచ్చా?

మీ పేట నేషనల్ రిజిస్టర్‌లో (అమెరికా ప్రభుత్వపు చారిత్రక స్థలాల జాబితాలో) ఉంది, అయినా పక్కింటి కూల్చివేతకు పర్మిట్ ఎలా ఇచ్చారని అడిగారు. అమెరికాలో చాలామంది ఇక్కడే పొరబడతారండీ. 1966 చట్టంతో వచ్చిన ఆ రిజిస్టర్ ప్రధానంగా ఒక గుర్తింపు. ఫెడరల్ నిధులో, అనుమతులో అవసరమైన పనులకే సమీక్ష ఉంటుంది. సొంత డబ్బుతో సొంత ఇల్లు కూల్చుకునే యజమానిని అది ఆపదు.

ఆపగలిగేది ఊరి ఆర్డినెన్స్, అంటే ఊరు చేసుకునే స్థానిక చట్టం. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నగరం 1931లోనే జోనింగ్‌తో (ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనలతో) తన పాత పేటను కాపాడుకుంది. చాలా ఊళ్లలో మామూలు జోనింగ్ మీద హిస్టారిక్ ఓవర్‌లే వేస్తారు, అంటే పాత పేటకు అదనపు నిబంధనలు చేరుస్తారు. అప్పుడు బయటికి కనిపించే మార్పులకూ, కూల్చివేతకూ ఊరి చారిత్రక కట్టడాల కమిషన్ నుంచి ముందే సర్టిఫికెట్ తీసుకోవాలి. అయితే కొన్నిచోట్ల కమిషన్ కూల్చివేతను కాదనలేదు, కొన్నాళ్లు వాయిదా మాత్రమే వేయగలదు. మీ ఊరి కోడ్‌లో ముందు ఇదే చూడండి.

ఓవర్‌లే లేకపోతే, అది తెచ్చుకోవడానికి ప్లానింగ్ ఆఫీసును కలవండి. దానికి ఇంటింటి సర్వే కావాలి: ఎప్పుడు కట్టారు, ఎంత మారింది, పేట స్వరూపానికి తోడ్పడుతుందా. నచ్చిన ఇళ్లను ఏరుకుంటూ ఓవర్‌లే హద్దు వంకరటింకరగా గీస్తే హియరింగ్‌లో (బహిరంగ విచారణలో) నిలదీస్తారు. లోపలి గదుల మీద కూడా పెత్తనం చేస్తారని పుకారు ఎలాగూ లేస్తుంది. సాధారణంగా లోపలి జోలికి వెళ్లరు, ఆ మాట ముందే ఇరుగుపొరుగుకు చెప్పేయండి.