ఆరు నెలల చైన్ సా పొగ వస్తూ పక్కకి కోస్తోంది, ఇంజిన్ విప్పించాలా?

మీరు అడిగింది ఇదీ: మిషన్ కొని ఆరు నెలలే అయింది, కొబ్బరి మొద్దులు కోస్తుంటే కోత కుడి పక్కకి పోతోంది, గట్టిగా నొక్కితే గానీ దిగట్లేదు, కోతలోంచి పొగ వస్తోంది, మెకానిక్ ఇంజిన్ విప్పాలంటున్నాడు, ఏం చేయమంటారు అని.

ఇప్పుడే విప్పించకండి. నేను పద్దెనిమిదేళ్లుగా చెట్లెక్కి కొమ్మలు దించే పని చేస్తున్నాను. "ఇంజిన్ పోయింది అన్నా" అంటూ నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో చాలా వాటికి పోయింది ఇంజిన్ కాదు, చైన్ పదును. మీరు చెప్పిన మూడు గుర్తులూ చైన్ వైపే చూపిస్తున్నాయి.

ముందు ఏ మామిడి మొద్దో వేప మొద్దో తీసుకుని ఒక కోత కోయండి. కొబ్బరి వద్దు, దాని పొట్టు ఎలాగూ పీచుపీచుగా వస్తుంది కాబట్టి తేడా తెలియదు. కింద పడిన పొట్టు గుప్పెట్లోకి తీసుకుని చూడండి. పదునున్న చైన్ అయితే అటుకుల్లాంటి చెక్కలు విడివిడిగా ఉంటాయి. పిండిలా ఉందంటే చైన్ కోయడం లేదు, రాస్తోంది. మీకు కనిపిస్తున్న పొగ ఆ రాపిడిదే.

ఇక పక్కకి పోవడం. చైన్ మీద పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి. ఏ పక్క పళ్లు పొడుగ్గా, పదునుగా ఉంటే కోత ఆ పక్కకి తిరుగుతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి ఆకురాయి ఒక పక్క పళ్ల మీద చక్కగా ఆడుతుంది, రెండో పక్కకి వచ్చేసరికి మణికట్టు వంకర పోతుంది. నాలుగైదు సార్లు పదును పెట్టేసరికి రెండు పక్కల పొడుగులో తేడా వచ్చేస్తుంది. ఒక పక్క పళ్లు మేకుకో రాయికో తగిలినా ఇంతే. మీ చైన్‌లో అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో వెతకండి. వెర్నియర్ లేకపోతే అగ్గిపుల్ల మీద గీత పెట్టి కొలవండి. మిగతా పళ్లన్నీ దానికి సమానం చేయాలి. పన్ను పై రేకు పొడుగు 4 మి.మీ. కంటే తగ్గిపోతే ఇక ఆ చైన్ పక్కన పెట్టేయాల్సిందే.

పదును పెట్టడం నాకు మా మావయ్య నేర్పాడు. మిషన్‌ని ఎండలోకి తీసుకెళ్లి, "మెరిసే పన్ను కోయదురా" అని చూపించేవాడు. నిజమే. పన్ను అంచుని ఎండకి తిప్పి చూడండి. అంచు మీద సన్నటి తెల్ల గీత మెరుస్తుంటే అది మొద్దుబారినట్టు. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, ఆ గీత కనిపించదు. కాబట్టి ఎన్నిసార్లు రాయాలి అన్నదానికి లెక్క ఇదే: ఆ తెల్ల గీత పోయేదాకా. బాగా మొద్దుబారిన పన్నుతో మొదలుపెట్టి, దానికి ఎన్ని రాపులు పట్టాయో మిగతా వాటికీ అన్నే ఇవ్వండి.

ఆకురాయి మందం చైన్‌ని బట్టి ఉంటుంది. చైన్ సైజు అంగుళాల్లో చెబుతారు: చిన్న మిషన్లకి వచ్చే 3/8 లో-ప్రొఫైల్ (పొట్టి రకం) చైన్‌కి 4 మి.మీ., .325 చైన్‌కి 4.8 మి.మీ., పెద్ద మిషన్ల 3/8 చైన్‌కి 5.2 లేదా 5.5 మి.మీ. గుండ్రటి ఆకురాయి. మీదేదో మాన్యువల్‌లో చూసుకోండి. పన్ను మీద కంపెనీ వాళ్లు గీసిన గీత ఉంటే దానికి సమాంతరంగా పట్టుకోండి, మామూలుగా 30 డిగ్రీలు. ఒక మొద్దులో చిన్న గాటు పెట్టి బార్‌ని, అంటే చైన్ తిరిగే పొడుగు పలకని, అందులో బిగించండి, ప్లగ్ క్యాప్ పీకేయండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి. ఆకురాయిని ముందుకి మాత్రమే తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పన్నుకి తగలకుండా పైకి ఎత్తండి. వెనక్కి లాగుతూ రాస్తే పన్ను అంచూ ఆకురాయీ రెండూ పాడవుతాయి.

ప్రతి పన్ను ముందూ చిన్న బుడిపె ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఎంత లోతు కొరకాలో చెప్పేది అదే. పన్ను అరిగేకొద్దీ దీన్ని కూడా తగ్గించకపోతే, ఎంత పదును పెట్టినా మిషన్ చెక్క మీద జారుతూనే ఉంటుంది. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఒకసారి గేజ్ పలక పెట్టి చదును ఆకురాయితో తగ్గించండి. మామూలు చైన్లకి పన్ను కంటే 0.65 మి.మీ. కిందకి ఉంటే చాలు. తొందరపడి ఎక్కువ తగ్గించారో, చైన్ చెక్కని పట్టుకుని లాగుతుంది, బార్ ముక్కు తగిలిందంటే మిషన్ మీ మొహం మీదకి ఎగురుతుంది. ఇక్కడ మాత్రం కొలవకుండా చేయి పెట్టకండి, ప్రాణం మీదకి వస్తుంది.

కొబ్బరి సంగతి కూడా చెప్పాలి. మాను బయటి వరస గట్టిగా ఉంటుంది, పళ్లని త్వరగా అరగదీస్తుంది. పైగా మొదలు దగ్గర బెరడు పగుళ్లలో వానకి చిమ్మిన ఇసుక ఉంటుంది. కోసే చోట గొడ్డలితో బెరడు చెక్కేసి, బ్రష్‌తో దులిపి కోయండి. కొబ్బరి కోసే రోజు నేను రెండు చైన్లు వెంట పెట్టుకుంటాను.

ఇక ఇంజిన్ మీద అనుమానం తీరాలంటే దాన్ని విప్పక్కర్లేదు. సైలెన్సర్ తీయండి. చాలా మిషన్లకి రెండు మూడు నట్లే. ఆ రంధ్రంలోంచి ఫోన్ లైట్ వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ చూడండి. నున్నగా ఉంటే భయం లేదు. నిలువు గీతలు, అంటుకుపోయిన అల్యూమినియం మరకలు కనిపిస్తే అప్పుడు మెకానిక్ మాట నిజం.

ఆ గీతలు నేను మొదటిసారి చూసింది 2018 అక్టోబర్‌లో, తిత్లీ తుపాను తర్వాత. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. మేం ముగ్గురం రెండు మిషన్లతో కవిటి వైపు వెళ్లాం. ఇళ్ల మీద, దారుల మీద పడిన మానులు తీస్తున్నాం. నాలుగో రోజు మాతో ఉన్న కుర్రాడు హడావిడిలో టూటీ ఆయిల్ కలపని పెట్రోల్ పోసేశాడు, రెండూ ఒకేలాంటి సీసాల్లో ఉన్నాయి మరి. కాసేపటికి మిషన్ గొంతు సన్నగా మారింది, తర్వాత లాగలేకపోయింది, ఆగింది. తాడు కదల్లేదు. పెద్దాయన ఒకరు తన తోట వైపు చూస్తూ నిలబడ్డారు, ఆయన ఇంటి మీద మాను ఇంకా సగం అలాగే ఉంది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

పట్నంలో ఒక రిపేర్ షాపులో పిస్టన్, సిలిండర్ మార్పించాను. స్పీడు బాగుండాలని వాళ్లు కార్బురేటర్ హెచ్ స్క్రూ (ఫుల్ స్పీడులో పెట్రోల్ ఎంత వెళ్లాలో చూసేది) బాగా బిగించి ఇచ్చారు. అలా బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటు అందులో కలిసిన ఆయిలూ తగ్గుతుంది. మిషన్ గొంతు హుషారుగా వినిపిస్తుంది, లోపల పిస్టన్ కాలుతుంది. వారం తిరక్కుండా మళ్లీ పట్టేసింది. చైన్ మొద్దుబారి కోత దిగకపోతే "స్పీడు పెంచుదాం" అని ఆ స్క్రూ తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ మెకానిక్‌ని దాన్ని ముట్టుకోనివ్వకండి.

కలిపే లెక్క: మంచి టూటీ ఆయిల్ అయితే 50కి 1, అంటే లీటర్‌కి 20 మి.లీ. మాన్యువల్‌లో 25కి 1 అని ఉంటే 40 మి.లీ. ఆయిల్ కలిపిన డబ్బాకి నేను ఎర్ర గుడ్డ కడతాను. ఇప్పుడు బంకు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది, పాత మిషన్లలో రబ్బరు గొట్టాల్నీ కార్బురేటర్ పొరనీ గట్టిపరుస్తుంది. రెండు మూడు వారాలకి సరిపడానే కలుపుకోండి. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అదే ఆగేదాకా నడిపి పెట్టండి.

చైన్ ఆయిల్ అందుతోందో లేదో కూడా చూడండి. తెల్లగా ఉన్న మొద్దు మీదకి బార్ ముక్కు తగలకుండా పెట్టి ఒక నిమిషం రేసు ఇస్తే నూనె చార పడాలి. పడకపోతే బార్ తీసి గాడిలో పొట్టు గీకేసి, నూనె రంధ్రం తీగతో పొడవండి. పనిలో పనిగా బార్‌ని తలకిందులు చేసి బిగించండి, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. ఒక అంచు రెండోదానికంటే కిందకి ఉంటే కూడా కోత పక్కకి పోతుంది. బండి నుంచి తీసిన కాలిన ఆయిల్ మాత్రం పోయకండి, అందులో ఇనుప రజను ఉంటుంది, ఒంటికీ మంచిది కాదు.

ఇవన్నీ చేశాక పొట్టు అటుకుల్లా పడుతూ కోత తిన్నగా దిగితే మీ ఇంజిన్ బాగున్నట్టే. అప్పటికీ, యాక్సిలరేటర్ వదిలేసినా స్పీడు దానంతట అదే ఎక్కుతుంటే, మిషన్ పక్కకి వంచితే శబ్దం మారుతుంటే, ఎక్కడో గాలి లీకవుతోంది, క్రాంక్ సీళ్ల మీద, అంటే ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి పోకుండా ఆపే రబ్బరు రింగుల మీద, నా అనుమానం. అప్పుడు మాత్రం ప్రెషర్ టెస్ట్ చేసి చూపించే షాపు వెతికి ఇవ్వండి, మీ కళ్ల ముందు చేయమనండి.