ఐస్డ్ కాఫీ ఇంట్లో చేస్తే నీళ్లలా అవుతోందా? నాకు కుదిరిన పద్ధతి ఇదీ

ఐస్డ్ కాఫీ ఇంట్లో బాగా కుదరాలంటే మెషిన్ కొనాలా అని అడిగారు కదా, కొనక్కర్లేదండీ. మీరు రాసిన రెండు ఇబ్బందులూ నాకు బాగా తెలుసు. రెండు గుక్కలు తాగేసరికి కాఫీ పలచబడిపోతుంది, పంచదారేమో ఎంత కలిపినా గ్లాసు అడుగునే ఉండిపోతుంది. నేనూ ఒక వేసవి అంతా ఇలాగే తాగాను. పొద్దున తాగే కాఫీనే కాస్త ఎక్కువ కలిపి, అందులో ఐసు ముక్కలు వేసేదాన్ని. పొడి మార్చాను, పాలు మార్చాను, ఏం తేడా రాలేదు. ఒకరోజు కిచెన్ త్రాసు మీద గ్లాసు పెట్టి, ఎంత ఐసు వేస్తే ఎంత మిగులుతోందో చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఒక గ్రాము ఐసు కరిగితే 80 గ్రాముల నీళ్లు ఒక డిగ్రీ చల్లబడతాయి. ఈ లెక్కన 90 డిగ్రీల వేడి మీదున్న 100 మి.లీ. కాఫీ 5 డిగ్రీలకు రావాలంటే దాదాపు 100 గ్రాముల ఐసు పూర్తిగా కరిగిపోవాలి. ఎంత కాఫీ పోశామో అన్ని నీళ్లు మన చేత్తో కలిపినట్టే కదా! అదే కాఫీ 30 డిగ్రీలకు ఆరాక పోస్తే 30 గ్రాములు కరిగితే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే మొదట కరిగేది దాదాపు ఏమీ ఉండదు. కాఫీ షాపులో మెషిన్ చేసి పెట్టేది కూడా చిక్కటి కాఫీని కొద్దిగా దించడమే. ఒక ఎస్ప్రెస్సో షాట్, అంటే మెషిన్ ఒకసారి దించే కాఫీ, సుమారు 30 మి.లీ. ఉంటుంది, రెండు షాట్లు కలిపినా 60 దాటదు. చల్లటి పాల మీద అంత కొద్ది కాఫీ, అదీ బాగా చిక్కటిది పడుతుంది కాబట్టి రుచి నిలబడుతుంది. మనకు కావలసింది ఆ చిక్కదనమే.

నేను రోజూ చేసుకునేది పాలతో. రెండు చిన్న చెంచాల ఇన్‌స్టంట్ కాఫీ, 40 మి.లీ. వేడి నీళ్లు, అంతకు మించి ఒక్క చుక్క కూడా వద్దు. పంచదార ఈ వేడిలోనే వేసి పూర్తిగా కరిగించాలి. మామూలు డికాషన్ వాడితే అలవాటు కన్నా పొడి ఎక్కువ వేసి, మొదట దిగిన చిక్కటి భాగాన్నే తీసుకోండి. దాన్ని పది నిమిషాలు ఆరనిచ్చి, మూత గట్టిగా పట్టే సీసాలో పోసి, నాలుగైదు ఐసు ముక్కలు వేసి ఓ ఇరవై సెకన్లు గట్టిగా ఊపుతాను. ముందు ముక్కలు సీసాకు కొట్టుకుంటూ గలగలమంటాయి, కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడుతుంది, సీసా బయట చెమట పడుతుంది. అప్పుడు మూత తీస్తే పైన వేలెడు మందాన లేత గోధుమరంగు నురగ ఉంటుంది. దీన్ని 150 మి.లీ. చల్లటి చిక్కటి పాల మీద పోస్తే, కాఫీ షాపులో చూసినట్టే చారలు చారలుగా కిందికి దిగుతుంది. ఒక్క జాగ్రత్త: పొగలు కక్కే కాఫీని మాత్రం మూత పెట్టి ఊపకండి. లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరితే చేతులు కాలతాయి.

పాలు లేకుండా తాగేవాళ్లయితే ఐసును కూడా నీళ్ల లెక్కలోనే వేసుకోవాలి. 20 గ్రాముల పొడికి మొత్తం 300 మి.లీ. నీళ్లు అనుకుందాం. అందులో 120 గ్రాములు ఐసు రూపంలో కింది గిన్నెలో వేసి, మిగతా 180 మి.లీ. వేడి నీళ్లను పేపర్ ఫిల్టర్‌లోని పొడి మీద కొంచెం కొంచెంగా పోయండి. దిగిన ప్రతి చుక్కా ఐసు మీద పడి అక్కడికక్కడే చల్లబడుతుంది, వాసన కూడా కాఫీలోనే నిలుస్తుంది. కింది గిన్నె స్టీలుదైతే మంచిది. నేను ఒకసారి పల్చటి గాజు గ్లాసులో ఐసు వేసి వేడి డికాషన్ పోశాను. టక్కుమని అడుగు దాకా చీలింది, కాఫీ అంతా గట్టు మీద పారింది.

కోల్డ్ బ్రూ గురించి కూడా అడిగారు. అంటే వేడి నీళ్లు లేకుండా, పొడిని చల్లటి నీళ్లలోనే నానబెట్టి దించే కాఫీ. 100 గ్రాముల బరక పొడిని 800 మి.లీ. చల్లటి నీళ్లలో కలిపి, ఫ్రిజ్‌లో 12 నుంచి 16 గంటలు ఉంచి, రెండుసార్లు వడకట్టాలి. చిక్కగా వస్తుంది, తాగేటప్పుడు పాలో నీళ్లో కలుపుకోవచ్చు. చేదు తక్కువ, గొంతుకు హాయిగా ఉంటుంది. పొద్దున టెన్షన్ లేకుండా గ్లాసులో పోసుకుని వెళ్లిపోవచ్చు. కానీ వాసన విషయంలో నా ఓటు వేడిగా దించిన కాఫీకే. మెత్తటి పొడితో మాత్రం కోల్డ్ బ్రూ చేయకండి, ఎన్నిసార్లు వడకట్టినా మడ్డి దిగుతూనే ఉంటుంది.

ఇక పంచదార. చల్లటి పాలలో అది కరగడానికి మొరాయిస్తుంది, కరిగినా చల్లదనం వల్ల నాలుకకు తీపి తక్కువగానే తెలుస్తుంది. అందుకే ఒక కప్పు పంచదారకు ఒక కప్పు నీళ్లు పోసి, కరిగేదాకా వేడి చేసి, చల్లార్చి ఫ్రిజ్‌లో సీసాలో పెట్టుకుంటాను. ఎప్పుడు చేసినా రెండు చెంచాలు పోస్తే సరిపోతుంది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో తీపి తాగినా ఇబ్బంది ఉండదు.

మిగిలిపోయిన కాఫీని ట్రేలో పోసి గడ్డకట్టించుకుంటే, కరిగినా గ్లాసులో కాఫీయే పెరుగుతుంది. మామూలు ఐసైతే పెద్ద ముక్కలు వాడండి, నెమ్మదిగా కరుగుతాయి. ఏ ఐసైనా గ్లాసులో వేసేముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. మూత లేని ట్రేలో నాలుగు రోజులున్న ఐసు ఫ్రీజర్‌లోని వాసనలన్నీ పట్టేస్తుంది. అలాంటిదైతే పారబోసి కొత్తది పెట్టుకోండి, లేకపోతే ఎంత మంచి పొడి వేసినా ఆ వాసనే ముందు తగులుతుంది.