గ్రీస్ పల్లెటూళ్ళలో పండగలు ఎలా జరుగుతాయి? మనలాంటి బయటివాళ్ళు వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చండీ, పిలుపు లేకపోయినా వెళ్ళొచ్చు. మీరడిగిన రెండో ప్రశ్నకి ముందు జవాబు ఇచ్చేస్తున్నా, ఎందుకంటే నేనూ మొదటిసారి ఇదే మొహమాటంతో వెళ్ళాను.

నాది వైజాగ్. ఏథెన్స్ పక్కన పిరేయస్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో మూడేళ్ళు చేశా. నా పక్క సీటు కొలీగ్‌ వాళ్ళది ఇకారియా దీవి, కొండ మీద రాహెస్ వైపు చిన్న ఊరు. ఆగస్టు వచ్చిందంటే సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఏథెన్స్ ఖాళీ అయిపోతుంది, అందరూ సొంతూళ్ళకే. ఆగస్టు 15 మేరీమాత పండగ, ఈస్టర్ తర్వాత వాళ్ళకి పెద్ద పండగ అదే. ఒక్కడివే ఇక్కడుండి ఏం చేస్తావు రా అని వాడు నన్నూ ఫెర్రీ ఎక్కించాడు.

ఊరి పండగని వాళ్ళు పనియీరి అంటారు. ఏ ఊరి చర్చి ఏ సెయింట్ పేరు మీద ఉంటే ఆ సెయింట్ రోజే ఆ ఊరికి పండగ, కాబట్టి వేసవంతా దీవిలో ఏదో ఒక ఊళ్ళో వాయిద్యాలు మోగుతూనే ఉంటాయి. 15కి ముందు రెండు వారాలు, అంటే 1 నుంచి 14 దాకా, నిష్ఠగా ఉండేవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు, పెరుగు ఏవీ ముట్టరు, మధ్యలో 6న మాత్రం చేప తింటారు. మావాడి నాన్నమ్మ (అక్కడ యయా అంటారు) ఎనభై దాటిన మనిషి, ఒక్కరోజు కూడా తప్పలేదు. 15 పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక రొట్టెలు దీవించి ముక్కలు కోసి అందరికీ పంచారు, మన ప్రసాదంలాగే, యయా నా చేతిలో ఒక ముక్క పెట్టి "ఫాయే" అంది, తిను అని. ఆ రెండ్రోజుల్లో నేను ఎక్కువసార్లు విన్న గ్రీకు మాట అదే.

ఇక వంట. నన్ను పొద్దున్నే టమాటాలు కొయ్యడానికి కూర్చోబెట్టారు, నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకాయన బస్సు డ్రైవర్, ఒకావిడ టీచర్, ఇద్దరు ఏథెన్స్‌లో చదువుకునే పిల్లలు, ఎవరికీ జీతం లేదు. పెద్ద గుండిగల్లో మేకమాంసం, కింద కట్టెల మంట, అందులో ఉప్పు తప్ప ఇంకేం వేసినట్టు నాకు కనిపించలేదు. మసాలా లేకుండా ఎలా ఉంటుందో అనుకుంటుంటే గుండిగ దగ్గరున్న పెద్దాయన గరిటెతో కాస్త చారు కప్పులో పోసి ఇచ్చాడు, పైన నూనెలా కొవ్వు తేలుతోంది, తాగితే నాలుక మీద అడవి ఆకుల వాసన. ఆ మేకల్ని కొండల మీద వదిలేస్తారు, అక్కడి పొదలు మేసి పెరుగుతాయి, రుచంతా అందులోంచే వస్తుంది. సాయంత్రం అదే మాంసాన్ని కాటా మీద తూచి కిలోల లెక్కన అమ్ముతారు. మేం ఏడుగురం రెండు కిలోలు తీసుకున్నాం, దాంతోపాటు రొట్టె, సలాడ్, ఆ ఊరి వైన్. శాకాహారులైతే రొట్టె, సలాడ్, చీజ్‌తో సరిపెట్టుకోవాలి, వంట దగ్గర మాత్రం మాంసం వాసన తప్పదు.

అమ్మడం ఏంటి, పండగలో భోజనం ఉచితంగా పెట్టరా అని నేనూ అడిగా. మావాడు రోడ్డు చూపించి, ఇది ఒకప్పుడు పనియీరి డబ్బులతో వేసుకున్నదే అన్నాడు. మిగిలిన లాభం ఊరి కమిటీకి వెళ్తుంది, చర్చి రిపేరో, నీళ్ళ పైపులో, ఏది అవసరమైతే దానికి. నాకు ఈ పండగలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఈ దీవి వాళ్ళకి ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూసే అలవాటు లేదు. 1912 జులై 17న ఒట్టోమన్ల మీద తిరగబడి, గ్రీస్‌లో కలిసేదాకా కొన్ని నెలలు సొంత జెండాతో విడి దేశంగా ఉన్నారు. తర్వాత 1940ల్లో సివిల్ వార్ టైంలో ప్రభుత్వం వేలమంది వామపక్షం వాళ్ళని ఇక్కడికి ప్రవాసం పంపితే (సంగీత దర్శకుడు మికిస్ థియోడొరాకిస్ కూడా అందులో ఒకరు) పేదరికంలో ఉండి కూడా ఊళ్ళవాళ్ళు వాళ్ళకి ఇళ్ళల్లో చోటిచ్చారు. యయాకి ఆ రోజులు లీలగా గుర్తున్నాయి.

రాత్రి బాగా పొద్దుపోయాక వయొలిన్ మొదలైంది. ఇకారియోటికోస్ అని వాళ్ళ డాన్స్, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా, ముందు నెమ్మదిగా, పోనుపోను స్పీడు. పదేళ్ళ పిల్ల పక్కన డెబ్బై ఏళ్ళ ఆయన, ఆయన పక్కన నేను. అడుగులు రాకపోయినా పక్కవాళ్ళ భుజాలే లాక్కెళ్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, వరస ముందున్న మనిషి డాన్స్ నడిపిస్తాడు, వెళ్ళి ఆయన ముందు దూరకూడదు, చివర్లోనో మధ్యలోనో కలవాలి. తెల్లారేదాకా నడిచింది.

గ్రీస్ అంతా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. ఉత్తరాన ఎపిరస్ కొండల్లో వయొలిన్‌తో పాటు క్లారినెట్‌ది పెద్ద పీట, కొన్నిచోట్ల చనిపోయినవాళ్ళని తలుచుకునే శోకరాగంతో మొదలుపెడతారు. అక్కడి సిరాకో ఊరి ఆగస్టు పండగ, గ్రీస్‌లోనే ఉన్న మాసిడోనియా ప్రాంతం వైపు వ్లాస్తి ఊరి పెద్ద డాన్స్ కలిపి 2022లో యునెస్కో జాబితాలో చేరాయి. టినోస్ దీవిలో అయితే ఇదే 15న జనం పోర్టు దగ్గర్నుంచి చర్చిదాకా మోకాళ్ళ మీద వెళ్తారు, అది మొక్కుల పండగ.

ఇకారియాలో లంగాడా అనే ఊరి పనియీరికి చాలా పేరు, కానీ విపరీతమైన జనం. నా మాట వింటే చిన్న ఊరికి వెళ్ళండి, ఖాళీ చేతులతో టేబుల్ పట్టుకుని కూర్చోకుండా కాస్త తిండీ వైనూ కొనండి, ఆ డబ్బు ఊరిది. తాగితే కారు ముట్టుకోవద్దు, కొండ రోడ్లు, మలుపులు ఎక్కువ. రాత్రికి స్వెట్టర్ ఉండాలి. తిరుగు టికెట్‌కీ మీ విమానానికీ మధ్య కనీసం రెండ్రోజులు గ్యాప్ పెట్టుకోండి, ఆగస్టులో మెల్తెమి అనే ఉత్తరపు గాలి లేస్తే ఫెర్రీలు ఆపేస్తారు. మాకు అలాగే ఒకటిన్నర రోజు ఆగిపోయింది, ఆ రోజున్నరా యయా ఇంట్లోనే ఉన్నాం, పూటపూటకీ ఫాయే ఫాయే అంటూ పెడుతూనే ఉంది.