సందేహాలు – సమాధానాలు: పువ్వులతో మాట్లాడటమా, పువ్వు చేత చెప్పించడమా?

సందేహం: మాది కోనసీమ. ఒక నవల రాస్తున్నాను. తాత పోయాక అమ్మమ్మ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఏటా ఒక రోజు మాత్రం కాలవ అవతలి ఇంటికి మనవరాలితో పువ్వులు పంపుతుంది. ఆ ఇంట్లో పెరిగిన మనిషి తన కడుపున పుట్టిన బిడ్డే అన్నది కుటుంబ రహస్యం. పువ్వుల భాష గురించి ఇంగ్లీషు పుస్తకాలు చదివి, ఏ పువ్వుకు ఏ అర్థమో పట్టిక వేసుకున్నాను. "అమ్మమ్మ నాతో పువ్వులలో మాట్లాడేది" అన్నది నవలలో మొదటి వాక్యం. నా స్నేహితురాలు చదివి "పువ్వులతో" అని దిద్దింది. ఏది సరి? పేరు "పువ్వుల భాష" అని పెట్టాలా, "పూల భాష" అనా? పూలు కోయడమా, తెంపడమా? చామంతా, చేమంతా? రాసిన మొదటి ప్రకరణం కూడా పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ వాక్యమూ తడబడింది, మీ స్నేహితురాలి దిద్దుబాటూ తడబడింది. ముందు మీ వాక్యం చూద్దాం. "తెలుగులో మాట్లాడింది", "హిందీలో తిట్టింది" అంటాం. అక్కడ "లో" భాష పేరు మీద పడింది కాబట్టి ఇబ్బంది లేదు. "పువ్వుల్లో మాట్లాడేది" అంటే మాత్రం ఆవిడ మల్లెపాదుల మధ్య నిలబడి మాట్లాడుతోందన్న బొమ్మే ముందు కనిపిస్తుంది. పాఠకుడు అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, "ఓహో, పువ్వులే భాష అన్నమాట" అని సర్దుకోవాలి. మొదటి వాక్యంలోనే ఆ శ్రమ పెట్టడం దేనికి?

"పువ్వులతో మాట్లాడేది" అంటే చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. తమ్ముడితో మాట్లాడింది, పక్కింటావిడతో మాట్లాడింది అన్నట్టే, పువ్వులను ఎదురుగా పెట్టుకుని వాటితో కబుర్లు చెప్పిందన్న అర్థం వస్తుంది. దుఃఖంలో ఉన్న ముసలావిడ కాబట్టి పాఠకుడు అదే నమ్ముతాడు కూడా. "కళ్ళతో మాట్లాడింది" అంటే ఈ చిక్కు రాదు. ఎవరి కళ్ళతో వాళ్ళు ముచ్చట్లు పెట్టుకోరు కదా! పువ్వులు వేరు. వాటితో మాట్లాడేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఈ గందరగోళం పాత వ్యాకరణంలో లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం పనికి సాధనమైనదానికి "చేత", తోడు ఉన్నదానికి "తోడ". బాణము చేత కొట్టాడు, తమ్మునితోడ వెళ్ళాడు. వాడుకలోకి వచ్చేసరికి "తో" ఈ రెండు పనులనూ తన నెత్తినే వేసుకుంది. కత్తితో కోశాడు, తమ్ముడితో వెళ్ళాడు. చాలాచోట్ల పక్కనున్న క్రియను బట్టి అర్థం తేలిపోతుంది. "మాట్లాడు" దగ్గరే తేలదు, ఎందుకంటే ఆ క్రియకు ఎదుటి మనిషిని చూపించడానికీ "తో"యే కావాలి.

దీనికి రెండు మార్గాలున్నాయి. క్రియ మార్చి "చెప్పు" వాడితే వినే మనిషికి "కు" పడుతుంది, "తో" పువ్వులకు మిగులుతుంది. "అమ్మమ్మ నాకు చెప్పాల్సినవన్నీ పువ్వులతోనే చెప్పేది." ఇందులో అనుమానానికి చోటు లేదు. రెండోది నాకు ఇంకా నచ్చింది. పాత "చేత" మన మాటల్లో ఇంకా బతికే ఉంది, ప్రేరణ క్రియ పక్కన. పిల్లాడి చేత చదివించింది, పాలేరు చేత కబురు పంపించింది అంటాం. అలాగే "నోటితో అనలేని మాట అమ్మమ్మ పువ్వు చేత చెప్పించేది" అని రాయండి. అప్పుడు పువ్వు చేతిలోని వస్తువుగా మిగలదు, ఆ ఇంటి తరఫున కాలవ దాటే మనిషి అవుతుంది. మీ కథకు కావలసింది అదే అనుకుంటాను. "పువ్వుల ద్వారా" అని మాత్రం రాయకండి. అది ఆఫీసు ఉత్తరాల మాట.

ఇక మీ పట్టిక సంగతి. మీరు అడగలేదు గానీ మీరు పంపిన ప్రకరణంలో అసలు ఇబ్బంది అదే. పువ్వు పేరుకో అర్థం కట్టిపెట్టే పద్ధతి ఐరోపాలో 19వ శతాబ్దంలో ఫ్యాషన్‌గా నడిచింది. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లాటూర్ అన్న కలంపేరుతో వచ్చిన పుస్తకం ఆ ఊపు తెచ్చింది. తర్వాత అలాంటివి కుప్పలుగా వచ్చాయి. ఎర్ర గులాబీ అంటే ప్రేమ, రోజ్‌మేరీ అంటే జ్ఞాపకం, ఇలా. గులాబీని గుట్టుకు గుర్తుగా చూడటమైతే అక్కడ ఇంకా పాత అలవాటు. గులాబీ కింద అన్న మాట బయటికి పొక్కకూడదని లాటిన్‌లో నానుడే ఉంది. మీ అమ్మమ్మ "రహస్యాన్ని తెల్ల గులాబీలో దాచింది" అన్న వాక్యం అక్కడి నుంచే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో అది బాగుంటుంది. లంక గ్రామంలో కాలవ గట్టున పెరిగిన ముసలావిడకు ఆ లెక్క ఎవరు చెప్పారు? పైగా గులాబ్ అన్న పారశీక మాటకు అసలు అర్థం పన్నీరు. మనం ఆ పన్నీటి పేరు తెచ్చి పువ్వుకు పెట్టుకున్నాం.

మన దగ్గర పువ్వు మాట్లాడదని కాదు. అది ఏ పువ్వు అన్నదాని కంటే దాన్ని ఏం చేశారు, ఎవరికి ఇచ్చారు అన్నదాంట్లో అర్థం ఉంటుంది. పారిజాతం కథ చూడండి. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. సత్యభామకు కోపం వచ్చింది పారిజాతానికి ఏదో అర్థం ఉందని కాదు, అది ఇంకో ఇంటికి వెళ్ళిందని. మీ నవలలో కూడా పువ్వు ఇంకో ఇంటికే కదా వెళుతోంది!

క్రియ మారితే పువ్వు ఎంత మారుతుందో వినండి. దండ మెడలో పడితే పెళ్ళో సన్మానమో. "ఫోటోకి దండ పడింది" అంటే మనిషి పోయాడు. తలలో పువ్వు పెట్టుకుంటే ముత్తయిదువ. అదే పువ్వు ఎదుటివాడి చెవిలో పెడితే మోసం. కొబ్బరికాయ కొట్టినప్పుడు "పువ్వొచ్చింది" అంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. అదే "కంట్లో పువ్వు పూసింది" అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వచ్చిందని. మనవరాలిని చూడగానే "అమ్మమ్మ కళ్ళలో పువ్వులు పూశాయి" అని ఆరో పేజీలో రాశారు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎవరైనా చదివితే ఆవిడను రాజమండ్రిలో కంటి డాక్టరుకు చూపించమంటారు. ఆ వాక్యం తీసేయండి.

దుఃఖం దగ్గరికి వస్తే ఈ క్రియలు మరీ కఠినంగా మాట్లాడతాయి. భర్త పోయిన ఆడమనిషికి పదో రోజున చివరిసారి పువ్వులు పెట్టి, పసుపు కుంకుమలు అలంకరించి, ఆ వెంటనే అన్నీ తీసేసే ఆచారం మన ఇళ్ళలో చాలాకాలం నడిచింది, కొన్నిచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. "ఆవిడకు పువ్వులు తీసేశారు" అన్న మూడు మాటల్లో వైధవ్యం మొత్తం ఉంది. ఆ క్రియకు కర్త ఎవరో చెప్పరు, గమనించారా? ఎవరో తీసేశారు, అంతే. తీసేసిన చేతులకు పేర్లు ఉండవు. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు గోదావరి జిల్లా అంతా గగ్గోలెత్తిందంటే, తీసేసిన పువ్వు మళ్ళీ పెట్టించడం అంత పెద్ద మాట కాబట్టే.

మీ ప్రకరణంలో "తాత చనిపోయిన నాటి నుంచి ఆమె దుఃఖంలో ఉంది" అని ఉంది. తప్పు వాక్యం కాదు, కానీ ఎవరి గురించైనా రాయొచ్చు దాన్ని. ఈ అమ్మమ్మ తలలో పెట్టుకోకూడని మనిషి, చెట్టు నుంచి కోయడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పని మనిషి. కోస్తుంది, కడుతుంది, పంపుతుంది, పెట్టుకోదు. ఈ నాలుగు క్రియల మధ్యే మీ దుఃఖం ఉంది. దుఃఖం అన్న మాట రాయక్కర్లేదు. కట్టడం అన్నాను కాబట్టి చెబుతున్నా: తడి అరటినారతో ముడి వేస్తూ పోతే కట్టడం, సూదీ దారంతో అయితే గుచ్చడం. కనకాంబరాలు, మల్లెలు కడతారు. బంతి, చామంతి గుచ్చుతారు. పూలజడ అయితే కుట్టడం. మీ పుస్తకంలో అన్నిచోట్లా "అల్లింది" అనే ఉంది. పాటలో బాగుంటుంది గానీ పువ్వులు కట్టే చేతులకు తెలిసిన తేడా నవలలో కనబడాలి. "కొన్ని పువ్వులు పంపింది" అని కూడా వద్దు. దోసెడు పంపిందా, మూరెడు పంపిందా చెప్పండి. దోసెడంటే విడిపువ్వులు, మూరెడంటే కట్టిన మాల. ఆవిడ ముందే కూర్చుని కట్టిందా లేదా అన్న సంగతి కూడా ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

పేరుతోనే అర్థం చెప్పే పువ్వు ఒకటి కావాలనిపిస్తే తెల్ల గులాబీ కంటే మొగలిపువ్వు మీ కథకు వెయ్యి రెట్లు నప్పుతుంది. లింగం కొన చూశానని బ్రహ్మ అబద్ధమాడితే మొగలిపువ్వు దొంగసాక్ష్యం చెప్పింది, శివుడు దాన్ని పూజకు పనికిరాకుండా శపించాడు. కోనసీమ కాలవగట్ల మీద మొగలిపొదలకు కరువు లేదు. రేకులు జడలో పెట్టుకుంటారు, వాసన కోసం బట్టలపెట్టెలో పెడతారు, శివుడికి మాత్రం పెట్టరు. బిడ్డ పుట్టుక గురించి ఊరంతటికీ అబద్ధం చెప్పిన ఇంట్లో, ఆ బిడ్డ చీరల పెట్టెలోకి ప్రతి ఏడూ మొగలిరేకులు చేరుతున్నాయంటే ఇక వివరించాల్సిందేముంది? నవల మీది. నిర్ణయం మీదే.

"కుటుంబ రహస్యం" అన్న మాట మీద కూడా నాకు కొంచెం అభ్యంతరం ఉంది. టీవీ సీరియల్ ప్రకటనలో చెల్లుతుంది. అమ్మమ్మ నోట మాత్రం "ఇంటిగుట్టు" రావాలి. మనవరాలు ఇరవై ఏళ్ళ పిల్ల కాబట్టి "సీక్రెట్" అనొచ్చు, తప్పేం లేదు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతలో లంక రావణుడిది. మీ ఊళ్ళో లంక అంటే గోదారి పాయల మధ్య మేట వేసిన నేల. ఆ సామెత మీ పాత్ర నోట వస్తే రెండు లంకలూ పలుకుతాయి. ఒక్కసారే వాడండి, రెండోసారి వాడితే చమత్కారం కోసం పెట్టారని తెలిసిపోతుంది. ప్రతి వాక్యం చివరా "ఆయ్" తగిలించడం కూడా తగ్గించుకుంటే మంచిది. గోదావరి యాసంటే అదొక్కటే అని సినిమావాళ్ళు అనుకుంటే అనుకోనీయండి.

పేరు విషయం. పువ్వులు, పూలు రెండూ సరైన రూపాలే. విడిగా అన్నప్పుడు మీ వైపు "పువ్వులు" ఎక్కువ వినబడుతుంది, సమాసాల్లో మాత్రం పూలజడ, పూలదండ, పూలకొట్టు అనే అంటారు. ఆ లెక్కన "పూల భాష" నోటికి సులువు. పువ్వు ఇంకా కురచై "పూ" అయినప్పుడు పక్క హల్లును మార్చేస్తుంది, తోట పూదోట, తేనె పూదేనె అయినట్టు. పాత రాతలో పూఁదేనె అని అరసున్నతో ఉండేది. అరసున్న పోయింది, దాని వల్ల వచ్చిన "ద" మిగిలింది. "భాష" మీద ఆ ప్రభావం ఉండదు. అయినా "పూభాష" అని ఎవరూ అనరు కాబట్టి దాని జోలికి వెళ్ళకండి. సందర్భం వచ్చింది కనుక ఇంకోటి: పూల మార్కెట్టూ నర్సరీలూ ఉన్నాయి కాబట్టి కడియపులంక పేరులో పువ్వు ఉందని మీ ప్రకరణంలో ఒక పాత్ర అంటుంది. లేదు. అల్లము అల్లపు పచ్చడి అయినట్టే, కడియము కడియపు లంక అయింది. పాత్ర అలా పొరబడటం మీ ఉద్దేశమైతే ఉంచండి, చాలామంది పొరబడతారు.

ఇంతకీ "భాష" అన్న మాటే పట్టికను గుర్తు చేస్తోంది. పై మార్పులు చేశాక ఆ పేరు మీకే నప్పదేమో. అప్పుడు చూసుకోండి.

కోయడమా, తెంపడమా అంటే ప్రాంతాన్ని బట్టి. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు తెంపుకొస్తారు. అది అక్కడ ఒప్పు. మీ వైపు పువ్వులు కోస్తారు, తెంపేది దారాన్ని, బంధుత్వాన్ని. అందుకే "తెగతెంపులు" అన్న మాట. మీ కథలో కాలవ అవతలి ఇంటితో రాకపోకలు ఆగిపోయిన చోట "తెంపేసుకున్నారు" అని ఉంది, అది సరిగ్గా పడింది. పువ్వు దగ్గర ఆ క్రియ రానీయకపోతే దానికి పదును ఉంటుంది. గోటితో ఒక్క మొగ్గనే తీస్తే "తుంచింది" అనొచ్చు.

చామంతి, చేమంతి రెండూ ఒప్పే. చేమంతి కావ్యాల్లో, పాటల్లో ఎక్కువ, చామంతి నోటిమాట. కథ చెప్పే మనవరాలు ఏదైనా రాసుకోవచ్చు గానీ అమ్మమ్మ మాటల్లో చామంతి తప్ప ఇంకోటి ఉండకూడదు. మీ ప్రకరణంలో ఒకే పేజీలో ఆవిడ రెండు విధాలా అంది, దిద్దుకోండి.