పాఠకుల ప్రశ్నలు: పాత డీజిల్ ఇంజన్లలో రింగు పళ్ళ అరుగుదల

ప్రశ్న: మాది 1990లలో కొన్న మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టర్. ఏడాదిగా తాళం తిప్పినప్పుడు ఒక్కోసారి సెల్ఫ్ మోటార్ గరగరమని తిరుగుతుందే తప్ప ఇంజన్ కదలదు. ఫ్యాన్ బెల్టు పట్టుకుని ఇంజన్‌ను బెత్తెడు తిప్పి మళ్ళీ సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ మోటారును రెండుసార్లు బాగు చేయించినా ఫలితం లేదు. ఫ్లైవీల్ (ఇంజన్ వెనుక ఉండే బరువైన చక్రం) చుట్టూ బిగించిన రింగు పళ్ళు అరిగాయని, ట్రాక్టరును విడదీసి ఆ పళ్ళకు వెల్డింగ్ పెట్టించి ఆకురాయితో రుద్దిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. అలా చేయించవచ్చా, లేక కొత్త రింగు వేయించాలా?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: ఇంజన్‌ను బెత్తెడు తిప్పితే స్టార్ట్ అవుతోందని మీరు రాసిన ఒక్క మాటతోనే జబ్బు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఇంజన్‌ను ఆపినప్పుడు అది ఇష్టమొచ్చిన చోట ఆగదు. ఏదో ఒక సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వెళ్ళి, ఆ ఒత్తిడిని దాటలేక కొద్దిగా వెనక్కి ఊగి నిలిచిపోతుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఇలా ఆగే స్థానాలు ఫ్లైవీల్ మీద 120 డిగ్రీల ఎడంలో మూడు ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా సెల్ఫ్ పినియన్ (సెల్ఫ్ మోటారు కొనన ఉండే చిన్న పళ్ళచక్రం) వచ్చి తగులుతున్నది ఆ మూడు చోట్ల ఉన్న కొద్దిపాటి పళ్ళకే కాబట్టి అవి అరిగిపోతాయి, మిగిలిన పళ్ళు దాదాపు కొత్తవిగానే ఉంటాయి.

ట్రాక్టరును విడదీసే ముందు దీన్ని మీ కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. బ్యాటరీ తీగ విప్పి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్‌ను ఆపే స్టాప్ నాబ్ బయటికి లాగి, సెల్ఫ్ మోటారును దింపితే ఆ రంధ్రంలోంచి రింగు కనిపిస్తుంది. టార్చిలైటు వేసి, ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ తగిలించి ఇంజన్‌ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పిస్తూ, అరిగిన ప్రతి పన్నుకూ సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలు మూడు గుంపులుగా వస్తే అరుగుదల రింగుదే. పళ్ళన్నీ బాగుంటే మాత్రం తప్పు పినియన్‌లోనో, పినియన్‌ను మోటారుతో కలిపే బెండిక్స్ క్లచ్ జారిపోవడంలోనో, వదులైన సెల్ఫ్ బోల్టుల్లోనో ఉంటుంది. అప్పుడు ట్రాక్టరును విడదీయించడం వృథా ఖర్చు.

వెల్డింగ్ మాత్రం వద్దు. రింగు పళ్ళు గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. వెల్డింగ్ వేడికి పక్కపళ్ళ టెంపర్ (గట్టిదనం) పోయి మెత్తబడతాయి, పోసిన లోహం పెళుసుగా మిగులుతుంది, రింగు కూడా గుండ్రదనం తప్పుతుంది. చేత్తో రుద్దిన పన్నుకు అసలు పన్ను రూపం రానే రాదు. అలా బాగుచేసిన ఒక రింగును నేను విప్పి చూశాను: వెల్డింగ్ పళ్ళలో రెండు మొదలంటా విరిగి క్లచ్ హౌసింగ్ అడుగున పడి ఉన్నాయి, పక్క పళ్ళ అంచులు నమిలిన చెరకుముక్కలా చీలిపోయి ఉన్నాయి, కొత్తగా వేసిన సెల్ఫ్ పినియన్ కూడా వాటితోపాటే పాడైంది. ఆ విరిగిన ముక్కలు క్లచ్‌లోకి ఎగిరిపడకపోవడం ఆ రైతు అదృష్టం.

కొత్త రింగు దొరికితే అదే మేలు. మీ పాత రింగు పళ్ళను లెక్కపెట్టి, లోపలి వ్యాసం, వెడల్పు కొలిపించి, వీలైతే పాత రింగునే వెంట తీసుకువెళ్ళి, పక్కపక్కన పెట్టి పోల్చి కొనండి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత ట్రాక్టర్ల విడిభాగాలు వెతకవచ్చు. సరిగ్గా సరిపోయేది దొరకకపోతే పాత రింగుతోనే ఇంకొన్నేళ్ళు నడిపే దారి ఉంది. దాన్ని వేడిచేసి ఊడదీసి, 60 డిగ్రీలు జరిపి మళ్ళీ ఎక్కిస్తే, ఇంజన్ ఆగే చోట్లకు అరగని పళ్ళు వస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కైతే 90 డిగ్రీలు జరపాలి. జరిపేది రింగును మాత్రమే. ఫ్లైవీల్‌ను తన స్థానం నుంచి కదిలిస్తే డీజిల్ చిమ్మే వేళను సరిచూసేందుకు దాని మీద ఉన్న టైమింగ్ గుర్తులు తప్పుతాయి. రింగు లోపలి అంచు రెండు వైపులా ఒకేలా ఉంటే తిరగేసి కూడా వేయవచ్చు, అప్పుడు పన్నుకు అరగని అంచే కాక, పినియన్ నెట్టే వైపు కూడా కొత్తది వస్తుంది. అయితే పినియన్ దూరే వైపు పళ్ళకు ఏటవాలు చెక్కుడు ఉంటుంది, తిరగేసినప్పుడు ఆ చెక్కుడును రెండో వైపున కూడా జాగ్రత్తగా గ్రైండ్ చేయించాలి.

ఈ పని చెడేది ఎక్కువగా వేడిచేసే దగ్గరే. రింగు ఫ్లైవీల్‌ను బిగువుతో మాత్రమే పట్టుకుని ఉంటుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు రింగును 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే అర మిల్లీమీటరు పైచిలుకు విచ్చుకుంటుంది, అది చాలు. గ్యాస్ మంటను ఒకచోట నిలిపి ఎర్రగా కాల్చడం కొందరు మేస్త్రీలకు అలవాటు. దయచేసి మీ రింగును అలా కాల్చనివ్వకండి, టెంపర్ పోయిన పళ్ళు ఏడాది కూడా నిలవవు. రింగు పక్కభాగాన్ని ఎమెరీ కాగితంతో ఒకచోట మెరిసేలా రుద్దించి, మంటను చుట్టూ తిప్పుతూ వేడిచేయమనండి. ఆ మెరుపు లేత గడ్డిరంగుకు తిరగగానే ఆపాలి, నీలం వచ్చిందంటే వేడి హద్దు దాటినట్టే. రేడియో రిపేరు చేసేవారు వాడే 60 పాళ్ళ తగరం, 40 పాళ్ళ సీసం కలిసిన అతుకు తీగ దాదాపు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, దాన్ని రింగుకు తాకించి చూడటం కూడా నమ్మదగిన పరీక్షే. రింగు చుట్టూ అంచుకు ఆనేదాకా వెంటనే దింపి, గాలికి దానంతట అదే చల్లారనివ్వాలి, నీళ్ళు పోయకూడదు.

ట్రాక్టరును విడదీసినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు చూపించండి, వీటి కోసం మళ్ళీ అదే కూలి పెట్టడం బాధగా ఉంటుంది. పినియన్ మాత్రం తప్పక మార్చండి, పాత పినియన్ కొత్త పళ్ళను వేగంగా తినేస్తుంది. ఎర్త్ తీగ చివరలు శుభ్రం చేయించండి, నీరసంగా తిరిగే సెల్ఫ్ పళ్ళకు దెబ్బే. ఇంజన్ పూర్తిగా ఆగకముందే మళ్ళీ తాళం తిప్పే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి.

పని పూర్తయ్యేదాకా ఇంజన్‌ను చేత్తో తిప్పవలసి వస్తే ప్రతిసారీ తాళం ఆపి, స్టాప్ నాబ్ లాగి ఉంచాకే బెల్టు మీద చెయ్యి వేయండి. చక్రాల మధ్య నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్ళు కలపడం ఎప్పుడూ చేయవద్దు, గేరులో ఉన్న ట్రాక్టర్ అలా స్టార్ట్ అయితే వెనుక చక్రం మనిషి మీదికే వస్తుంది.

ప్రశ్న: మా రైస్ మిల్లు జనరేటర్‌లో సెల్ఫ్ కొడితే రింగు తిరుగుతుంది, ఇంజన్ తిరగదు. పళ్ళు బాగానే ఉన్నాయి. రింగును ఫ్లైవీల్‌కు రెండుచోట్ల వెల్డింగ్‌తో అతికించమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రింగు, ఫ్లైవీల్ రెండింటి మీదుగా ఒకే గీత సుద్దతో గీసి సెల్ఫ్ కొట్టి చూడండి. గీత రెండుగా తప్పుకుంటే రింగు జారుతున్నట్టే. చాలా ఫ్లైవీళ్ళు పోత ఇనుమువి, వాటి మీద మామూలు వెల్డింగ్ నిలవదు, పక్కనే పగుళ్ళు కూడా వస్తాయి, పైగా వేగంగా తిరిగే చక్రం బరువు ఒక పక్కకు మొగ్గుతుంది. రింగు కూర్చునే అంచు వ్యాసాన్ని లేత్ షాపులో మైక్రోమీటరుతో కొలిపించండి. అంచు అరగకపోతే కొత్త రింగు వేడిచేసి ఎక్కిస్తే పట్టుకుంటుంది. అరిగి ఉంటే కొత్త రింగు కూడా జారుతుంది కనుక ఫ్లైవీల్‌నే మార్చాలి.