మోకాళ్ళ నొప్పులకు వేడినీటి గుండం: ఏఐ చూపించిన ఆధారాలు ఎంతవరకు నమ్మొచ్చు?

కనిగిరిలో ఉండే మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులనీ, బద్రీనాథ్ తప్తకుండంలో స్నానం చేయిస్తే తగ్గుతాయా అని అడిగితే ఏఐ "బలమైన వైద్య ఆధారాలున్నాయి" అందనీ రాశారు. మాది పొదిలి. మా అత్తమ్మ యాత్రకు బయల్దేరేటప్పుడు నేనూ ఇదే అడిగాను, నాకూ ఇట్టాంటి జవాబే వచ్చింది.

అది ఇచ్చిన పేపర్ల పేర్లన్నీ, వైద్య పరిశోధన పత్రాల జాబితా ఉండే పబ్‌మెడ్‌లో వెతికాను. ఒకటి అసలు లేనే లేదు. ఉన్నవాటిలో ముఖ్యమైనవి వేడినీటి స్నానాల మీద కాక్రేన్ వాళ్ళ సమీక్షలు. ఒక వైద్యం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ అది. 2007 నాటిది కీళ్ళ అరుగుదల మీద: 7 పరిశోధనలు, 498 మంది రోగులు. కొంత మేలు కనబడిందన్నారు గానీ, పరిశోధనల నాణ్యత అంతంతమాత్రం కాబట్టి జాగ్రత్తగా తీసుకోమన్నారు. 2015 నాటిది రుమటాయిడ్ కీళ్ళవాతం మీద (అరుగుదల కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు): 9 పరిశోధనలు, 579 మంది. అందులో ఆధారాలు చాలవని తేల్చారు. ఏఐ ఈ రెండు జబ్బుల్నీ "కీళ్ళ నొప్పులు" అని ఒకే గాటన కట్టి, "కాక్రేన్ నిర్ధారించింది" అని రాసేసింది.

పెద్ద పరిశోధన ఒకటి 2010లో ఫ్రాన్స్‌ నుంచి వచ్చింది. మోకాళ్ళు అరిగిన 462 మందిని రెండు జట్లు చేశారు. ఇంటి దగ్గర వ్యాయామాలు రెండు జట్లకీ ఉన్నాయి. ఒక జట్టుకు అదనంగా 18 రోజుల పాటు వేడినీటి చికిత్స, మట్టిపూత, మర్దన. ఆరు నెలలకు ఆ జట్టులో దాదాపు 51 శాతం మందికి, వ్యాయామాల జట్టులో 36 శాతం మందికి నొప్పి, కదలిక మెరుగయ్యాయి. తేడా ఉంది, కాదనను. కానీ తనకు ఏ వైద్యం జరుగుతోందో రోగికి తెలుసు కదా, నమ్మకం ఎంత పనిచేసిందో ఎవరు విడదీస్తారు? పైగా అది 18 రోజుల చికిత్స. మన యాత్రికులు దర్శనానికి ముందు చేసేది ఒక్కపూట స్నానం!

అసలు సంగతి ఇంకోటి ఉంది. మీరు ఏఐకి ఊరి పేరు చెప్పారా? మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) గురించి 1937లో తొలిసారి రాసిన డాక్టర్లు దాన్ని చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి ఆ జిల్లాలోవే. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగినవాళ్ళకు ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుం వంగదు. పైకి చూస్తే అరుగుదలలాగే ఉంటుంది. ఆ ఫ్రాన్స్ రోగులకు ఈ గొడవ లేదు, వాళ్ళ ఫలితాలు మనకు అట్టే వర్తించవు.

"చిన్నప్పటి నుంచి ఈ ప్రాంతపు బోరు నీళ్ళే తాగింది, వయసింత, షుగరుంది" అని వివరంగా రాసి అడిగితే, అదే ఏఐ ఫ్లోరోసిస్ మాట తనే ఎత్తింది. మంచి సలహానే ఇచ్చింది. డాక్టరుగారు ముంజేతి ఎక్స్‌రే తీయించి, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష రాశారు. మా అత్తమ్మకు అరుగుదల, ఫ్లోరోసిస్ రెండూ ఉన్నాయని తేలింది. తాగే నీళ్ళు మార్చాం, తొడ కండరాలకు వ్యాయామం మొదలెట్టించాం. యాత్ర మాత్రం మానలేదు, ఆవిడ మానమంటే మానే మనిషి కాదులెండి.

మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి, ముందు ఆ పరీక్షలు చేయించి. బద్రీనాథ్ 3,100 మీటర్ల ఎత్తు, బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్ని అడక్కుండా గుండంలో దించొద్దు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళకు కాలినా తెలియదు, ముందు మీరు చెయ్యి పెట్టి చూడండి. ఆ నీళ్ళు మంచివని సీసాలో పట్టుకొచ్చి ఇంట్లో తాగించకండి. రాళ్ళ పొరల్లోంచి వచ్చే వేడినీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువే ఉంటుంది.